పెద్ద ఇంగ్లీషు వాక్యాన్ని మన మాటల్లో తిరగరాయడం ఎలా? (ఎంఏ గద్యం పేపరు)

స్వర్ణముఖి | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నాది చిత్తూరు పక్కన కట్టమంచి. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎంఏ ఇంగ్లీషు మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. కవిత్వం, నాటకం పేపర్లు ఫరవాలేదు గానీ గద్యం పేపరు తీస్తే టెన్షన్ మొదలవుతుంది. 17, 18 శతాబ్దాల వ్యాసాల్లో ఒక్కో వాక్యం అర పేజీ నడుస్తుంది. చివరికి చేరేసరికి మొదట్లో ఎవరి గురించి చెప్పారో మర్చిపోతున్నాను.

మొన్న మేడమ్ పారాఫ్రేజ్ చేయమని, అంటే అర్థం మారకుండా మన మాటల్లో తిరగరాయమని, ఒక వాక్యం ఇచ్చారు. అది ఏ పుస్తకంలోదీ కాదు, ఆ కాలపు పద్ధతిలో ఆవిడే అభ్యాసం కోసం రాశారు. తెలుగు అక్షరాల్లో పెడుతున్నాను:

"నార్ ఈజ్ ఇట్ టు బీ సపోజ్డ్ దట్ హీ హూ హాజ్ లాంగ్ బీన్ అకస్టమ్డ్ టు ది ప్రెయిజ్ ఆఫ్ అదర్స్ విల్ రెడిలీ కన్సెంట్ టు బీ జడ్జ్డ్ బై ది సైలెన్స్ ఆఫ్ హిజ్ ఓన్ కాన్షెన్స్."

నేను 'ప్రెయిజ్' తీసి 'అప్లాజ్' పెట్టాను. 'రెడిలీ' బదులు 'క్విక్లీ', 'కన్సెంట్' బదులు 'అగ్రీ', 'సైలెన్స్' బదులు 'క్వైట్‌నెస్', 'కాన్షెన్స్' బదులు 'మోరల్ సెన్స్'. పదికి మూడు మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో "మాటలు మారాయి, అర్థం ఏది?" అని రాశారు. రెండు రోజులుగా ఆ ప్రశ్నే తిరుగుతోంది. మీరు ఎలా చదువుతారో చెప్పండి.

పాకాల ప్యాసింజర్ | శనివారం, రాత్రి 9:34

చెల్లెమ్మా, నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నా పద్ధతి చెప్తాను. సమానార్థక పదాల నోట్సు ఒకటి పెట్టుకుని రోజుకు పది మాటలు బట్టీ పట్టడం. పెద్ద వాక్యం వస్తే కామా ఉన్నచోటల్లా ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రెండు మాటలు మార్చడం. ప్రెసీ (కుదించి రాసే) ప్రశ్నకు నాకు ఇది బాగానే పనిచేసింది. నీకు మార్కులు ఎందుకు తగ్గాయో అర్థం కాలేదు. 'రెడిలీ'కి 'క్విక్లీ' తప్పేం కాదు కదా?

శేషాచలం | శనివారం, రాత్రి 10:20

తప్పే నాయనా. ఇక్కడ 'రెడిలీ' అంటే తొందరగా అని కాదు, మనసారా, వెనకాడకుండా అని. త్వరగా ఒప్పుకోడు అంటే కాస్త ఆలస్యంగానైనా ఒప్పుకుంటాడని తేలుతుంది. ఇష్టంగా ఒప్పుకోడు అన్నప్పుడు ఆ మనిషి స్వభావం కనిపిస్తుంది. సమానార్థకాల నోట్సులో ఈ తేడా దొరకదు.

నేను చిత్తూరులో ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. దిద్దిన పేపర్లలో ఎక్కువగా చూసింది ఈ పొరపాటే. వాక్యం ఎముకల గూడు అలాగే ఉంటుంది, పైన చొక్కా మాత్రం మారుతుంది. గూడు అర్థం కాకపోయినా చొక్కా మార్చేయొచ్చు. మీ మేడమ్ అడిగింది అదేనమ్మా.

ఇంకొకటి. ఈ వాక్యంలో ఒక్క కామా కూడా లేదు, చూశావా? కామాల దగ్గర కోసే పద్ధతి ఇక్కడ మొదటి అడుగులోనే ఆగిపోతుంది. ముందు ప్రధాన క్రియ ఎక్కడుందో వెతుకు. పెన్సిల్ తీసుకుని దాని కింద గీత గియ్యి. మిగతాది రేపు మాట్లాడదాం.

కపిలతీర్థం | ఆదివారం, ఉదయం 6:05

నేను ఇక్కడే తిరుపతిలో సంస్కృత వ్యాఖ్యానాల మీద పరిశోధన చేస్తున్నాను. ఇంగ్లీషు నా సబ్జెక్టు కాదు. కానీ మాస్టారు చెప్పింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. పారాఫ్రేజ్ అనే పని మనకు కొత్తది కాదు. పదో తరగతిలో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసిన ప్రతి ఒక్కరూ ఈ పని చేసినవాళ్లే. స్వర్ణముఖిగారు ప్రతిపదార్థం రాసి తాత్పర్యం అనుకున్నారు. మధ్యలో ఉండాల్సిన అన్వయం, అంటే ఏ మాట దేనితో కలుస్తుందో చూడడం, జారిపోయింది.

అన్వయం చెప్పడానికి మన వ్యాఖ్యాతలకు రెండు దారులు. శ్లోకంలో చెదిరి ఉన్న మాటలన్నిటినీ వచనం వరుసలోకి తెచ్చి పెడితే దండాన్వయం. ముందు ప్రధాన క్రియను పట్టుకుని, "ఎవరు? దేన్ని? ఎలాంటివాడు? ఎందుకు?" అని ఒక్కో ప్రశ్న వేస్తూ జవాబుగా మిగతా మాటల్ని తెచ్చుకుంటూ పోతే ఖండాన్వయం. మీ వాక్యానికి రెండోది సరిపోతుంది. చేసి చూపిస్తాను.

క్రియ: అనుకోకూడదు ('నార్ ఈజ్ ఇట్ టు బీ సపోజ్డ్').
ఏమని? ఒప్పుకుంటాడని.
ఎవడు? వాడు.
ఎలాంటివాడు? చాలాకాలంగా ఇతరుల పొగడ్తకు అలవాటుపడినవాడు.
దేనికి ఒప్పుకుంటాడని? తన మీద తీర్పు జరగడానికి.
దేని చేత? తన మనస్సాక్షి మౌనం చేత.
ఎలా ఒప్పుకుంటాడని? ఇష్టంగా.

'హీ' అనగానే ముందు వాక్యంలో ఎవరైనా మనిషి ఉన్నాడా అని వెతుక్కోవద్దు. 'హీ హూ' అంటే "ఎవడైతే అలవాటుపడ్డాడో వాడు" అని. మనకు ఉన్న "ఎవడైతే... వాడు" లాంటిదే.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మన తెలుగువాడు. మొదట్లోనే ఒక మాట ఇచ్చాడు. అంతా అన్వయం దారిలోనే వివరిస్తాను, "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే" అని. మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. పారాఫ్రేజ్ రాసేవాళ్లు ఈ రెండు ముక్కలూ బల్ల ముందు గోడకు అంటించుకోవచ్చు.

స్వర్ణముఖి | ఆదివారం, ఉదయం 8:15

సార్, ప్రశ్నలు ఒకటొకటిగా వేసుకుంటూ చదివితే వాక్యం మొత్తం ఒకేసారి కనిపించింది. నిజంగా సంతోషంగా ఉంది. కానీ చివరి ముక్క దగ్గర మళ్లీ ఆగిపోయాను. "మనస్సాక్షి మౌనం చేత తీర్పు" అంటే ఏమిటి? మౌనంగా ఉన్నది తీర్పు ఎలా చెబుతుంది?

మామిడిపూత | ఆదివారం, ఉదయం 9:40

నేను బంగారుపాళెం దగ్గర సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. నాకు తోచింది చెప్తాను. తప్పు చేసినప్పుడు మనస్సాక్షి పొడుస్తుంది, గోల పెడుతుంది. తప్పు లేనప్పుడు మాట్లాడదు. కాబట్టి మనస్సాక్షి మౌనంగా ఉందంటే మనిషి నిర్దోషి అని. ఊరి మెప్పుకు అలవాటుపడినవాడికి "నేను తప్పు చేయలేదు" అన్న లోపలి శాంతి ఒక్కటే చాలదు, బయటి మెప్పు కూడా కావాలి. ఇదీ వాక్యం భావం.

శేషాచలం | ఆదివారం, ఉదయం 11:02

బాగా చెప్పావమ్మా. అయితే నాకు వేరేలా వినిపిస్తోంది. ఈ వాక్యంలో ఎదురెదురుగా నిలబెట్టిన జంటలు చూడండి. ఒకవైపు 'ఆఫ్ అదర్స్', రెండోవైపు 'హిజ్ ఓన్'. ఒకవైపు 'ప్రెయిజ్', రెండోవైపు 'సైలెన్స్'. 18వ శతాబ్దపు గద్యకారులకు ఇలా తూకం వేసి రాయడమంటే ప్రాణం. శామ్యూల్ జాన్సన్ గద్యంలో పేజీ పేజీకీ కనిపిస్తుంది. త్రాసులో ఒక తట్టలో పొగడ్త ఉంటే రెండో తట్టలోని మౌనానికి అర్థం "పొగడకపోవడం" అవుతుంది. ఊరంతా చప్పట్లు కొడుతుంటే లోపల ఒకరు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ కట్టుకున్న చేతులే తీర్పు. ఈ మనిషి భరించలేనిది అదే.

మామిడిపూత | ఆదివారం, మధ్యాహ్నం 12:30

మాస్టారూ, తూకం సంగతి ఒప్పుకుంటాను. కానీ నా అర్థం తప్పని ఈ ఒక్క వాక్యం చూసి ఎలా చెప్పగలం? రెండూ పొసగుతున్నాయి. అలాంటప్పుడు పారాఫ్రేజ్ రాసేవాళ్లు ఒకటి ఎంచుకుని రెండోదాన్ని కొట్టేయడం న్యాయమా? మా పిల్లలకు నేనైతే రెండూ చెప్తాను.

కపిలతీర్థం | ఆదివారం, మధ్యాహ్నం 1:15

అసలు తాళంచెవి మొదటి మాటలో ఉంది, మనమందరం దాటేసి వచ్చాం. 'నార్' అంటే "కూడా కాదు". అంటే మామూలుగా దీనికి ముందు ఇంకో "కాదు" ఉండాలి. ఇది ఒంటరి వాక్యం కాదు. స్వర్ణముఖిగారూ, మీ మేడమ్ దీనికి ముందు వాక్యం ఏమైనా ఇచ్చారా?

స్వర్ణముఖి | ఆదివారం, మధ్యాహ్నం 2:50

ఇప్పుడే మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆదివారమని భయపడుతూనే చేశాను గానీ ఆవిడ చాలా సంతోషించారు. "ముందు వాక్యం ఏదని నలభై మందిలో ఎవరూ అడగలేదు, నువ్వే అడిగావు" అన్నారు. ఆ వాక్యం ఇది:

"ఉయ్ డూ నాట్ ఈజీలీ పార్ట్ విత్ ఎ ఫ్లాటరర్."

పొగిడేవాణ్ని మనం అంత తేలిగ్గా వదులుకోము, అని. అంటే మాస్టారు చెప్పినట్టు మౌనం అంటే పొగడకపోవడమే కదా? ముఖస్తుతి వదులుకోలేని మనిషి, మెచ్చుకోని మనస్సాక్షి ముందు నిలబడడానికీ ఇష్టపడడు.

మామిడిపూత | ఆదివారం, మధ్యాహ్నం 3:05

ఇప్పుడు నేనూ ఒప్పుకుంటున్నాను. రేపు మా తొమ్మిదో తరగతికి 'నార్' గురించే చెప్తాను.

నీవా | ఆదివారం, సాయంత్రం 5:45

చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. మాకు ఇది రోజూ ఉండే పని. గుడిపాల వైపు నుంచి ఒక రైతు వస్తాడు, చేతిలో ఇంగ్లీషు ఆర్డరు ఉంటుంది. "ఏముంది సామీ ఇందులో?" అంటాడు. నేను తెలుగులో చెప్పాలి. చెప్పాక ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడు. "అయితే నేను దున్నుకోవచ్చా, కూడదా?" అక్కడ నాకెంత అర్థమైందో తేలిపోతుంది. కాగితం మీద పారాఫ్రేజ్ రాసి చూసుకుంటే అంతా బాగానే అనిపిస్తుంది. ఎదురుగా మనిషి ఉండి అడిగితేనే గట్టిగా పట్టుకున్నామో లేదో బయటపడుతుంది. హాస్టల్లో ఇంగ్లీషు చదవని స్నేహితురాలికి చెప్పి చూడమ్మా.

ఇంకో జాగ్రత్త. మా దగ్గర 'షల్' వేరు, 'మే' వేరు. 'షల్' అంటే మామూలుగా చేసి తీరాలి, 'మే' అంటే చేయవచ్చు. "నోట్‌విత్‌స్టాండింగ్" అని మొదలైతే, ఆ నిబంధన తనకు అడ్డొచ్చే మిగతా నిబంధనలను దాటిపోతుంది. "షల్ బీ డీమ్డ్" అంటే నిజంగా అలా లేకపోయినా చట్టం దృష్టిలో అలాగే ఉన్నట్లు లెక్క. ఇలాంటి చిన్న మాటల్ని తేలిక చేస్తే మనిషి భూమే పోతుంది. వ్యాసాల్లో భూములు పోవు గానీ, రచయిత మాట పోతుంది. అది కూడా నష్టమే.

పాకాల ప్యాసింజర్ | ఆదివారం, రాత్రి 8:20

ఇవన్నీ చదివాక పొద్దుటి నుంచి నా పాత నోట్సు తీసి చూస్తున్నాను. ఫోన్లో వాక్యాలు తిరగరాసి ఇచ్చే యాప్ ఒకటి ఉంది, దాంట్లో ఈ వాక్యం పెట్టి చూశాను. నున్నగా, చదవడానికి హాయిగా ఉన్న వాక్యం ఇచ్చింది. కానీ 'నార్' ఎగిరిపోయింది. 'రెడిలీ' ఎగిరిపోయింది. "అలాంటివాడు మనస్సాక్షి మాట ఎప్పటికీ వినడు" అని తేల్చేసింది. మూలంలో "ఎప్పటికీ" ఎక్కడుంది? నిన్నటిదాకా నేనైతే దాన్నే కాపీ చేసి పెట్టుకునేవాణ్ని.

శేషాచలం సార్, రెండు మూడు 'నాట్'లు ఉన్న వాక్యాల సంగతి కూడా చెప్పండి. పరీక్షలో నేను పడేది అక్కడే.

శేషాచలం | ఆదివారం, రాత్రి 9:55

సరే, నేనే ఒకటి రాసి పెడతాను:

"హీ వాజ్ నాట్ సో హోల్లీ డివాయిడ్ ఆఫ్ జెనరాసిటీ యాజ్ నాట్ టు ఫీల్ సమ్ షేమ్ ఎట్ ఎ కైండ్‌నెస్ విచ్ హీ హాడ్ డన్ సో లిటిల్ టు డిజర్వ్."

కాదు అనే మాటల్ని వేళ్లమీద లెక్కపెట్టండి. 'నాట్' ఒకటి. 'డివాయిడ్' రూపంలో కాదు అనిపించదు గానీ లేమిని చెప్పేదే, కాబట్టి రెండు. మళ్లీ 'నాట్' మూడు. ఇవి కాక 'సో లిటిల్' లోపల సగం కాదు దాక్కుని ఉంది. మొదటి రెండూ కొట్టుకుపోతే, ఉదారగుణం బొత్తిగా లేనివాడు కాదు అని మిగులుతుంది. సిగ్గుపడనంత కాదు అంటే సిగ్గుపడ్డాడు. 'సో లిటిల్ టు డిజర్వ్' అంటే ఆ దయకు తగినట్టు తాను చేసింది దాదాపు ఏమీ లేదు.

కాబట్టి: అతనిలో కొంతైనా మంచితనం ఉంది, అందుకే తనకు పెద్దగా అర్హత లేని దయ దక్కినప్పుడు కాస్త సిగ్గుపడ్డాడు.

లెక్క సరిపోయింది కదా అని "అతను ఉదారుడు" అని రాయకండి. రెండు కాదులు కలిస్తే అవును అవుతుందన్నది లెక్కల్లో. గద్యంలో అది సన్నటి అవును. రచయిత అతన్ని మెచ్చుకోవడం లేదు, పూర్తిగా కొట్టిపారేయడమూ లేదు. ఆ "కొంతైనా" అన్న మాటలోనే వాక్యం ప్రాణం ఉంది.

ఇక పిల్లల్ని ముంచేవి తెలిసిన మాటలే. తెలియని మాట వస్తే డిక్షనరీ తీస్తాం. తెలిసిన మాటే అయితే తీయం, అక్కడే బోల్తా పడతాం. ఆ కాలంలో 'కాండర్' అంటే ముఖం మీద కొట్టినట్టు చెప్పడం కాదు, ఎదుటివాడిలో మంచిని చూసే మెత్తదనం. 'వాంట్' అంటే చాలాసార్లు లేకపోవడం. 'సెన్సిబుల్ ఆఫ్' అంటే తెలిసి ఉండడం. 'ఎన్థూజియాజం' ఇప్పుడు మెచ్చుకోలు, అప్పట్లో తిట్టుకు దగ్గర. దేవుడు నాతోనే మాట్లాడాడు అనుకునే మత పిచ్చికి ఆ మాట వాడేవాళ్లు. 1755లో వచ్చిన జాన్సన్ నిఘంటువులో ఇలాంటి పాత అర్థాలు కనిపిస్తాయి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు అర్థాలను కాలక్రమంలో పేర్చి, ఏ మాట ఎప్పుడు ఏ అర్థంలో వాడారో తేదీలతో చూపిస్తుంది. లైబ్రరీకి వెళ్లినప్పుడు తెలిసిన మాటల్నే అందులో చూడండి.

మామిడిపూత | సోమవారం, ఉదయం 6:30

ఒక సందేహం నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. ఇంగ్లీషు వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని తర్వాత ఇంగ్లీషులో రాయడం మంచిదా? మాకు శిక్షణలో "తెలుగులో ఆలోచించనివ్వకండి" అని చెప్పారు. కానీ నా క్లాసులో తెలుగులో అడిగితేనే పిల్లలు నోరు తెరుస్తారు.

కపిలతీర్థం | సోమవారం, ఉదయం 7:10

మంచిదనే నా అభిప్రాయం. కారణం వాక్య నిర్మాణంలోనే ఉంది. ఇంగ్లీషులో నామం ముందు వస్తుంది, దాని వర్ణన 'విచ్', 'హూ' అంటూ వెనక తోకలా సాగుతుంది. తెలుగులో వర్ణన ముందు, నామం తర్వాత. "ఆమె నిన్న తిరుచానూరు నుంచి తెచ్చిన పుస్తకం" అంటాం. రెండు మూడు 'విచ్'లున్న వాక్యాన్ని మొత్తం అలా ఎత్తి నామం ముందు పేర్చితే తెలుగు ఊపిరాడక చస్తుంది. అందుకని వాక్యాన్ని విడగొట్టక తప్పదు. విడగొట్టాలంటే ఏది ముఖ్యం, ఏది తోక అని తేల్చుకోక తప్పదు. ఇంగ్లీషులోనే ఉండిపోతే ఆ నిర్ణయం చేయకుండా తప్పించుకోవచ్చు.

శేషాచలం | సోమవారం, ఉదయం 8:00

ఒప్పుకుంటాను, ఒక షరతుతో. తెలుగులోకి వచ్చేటప్పుడు రాలిపోయేవి ఉంటాయి. 'లిటిల్'కీ 'ఎ లిటిల్'కీ మధ్య ఉన్నది ఒక్క అక్షరం. మొదటిది దాదాపు లేదు అంటుంది, రెండోది కొంచెం ఉంది అంటుంది. రెండింటినీ "కొంచెం" అని తెలుగు చేసుకుంటే, తిరిగి ఇంగ్లీషు రాసేటప్పుడు అర్థం తలకిందులవుతుంది.

అందుకే తిరుగు ప్రయాణం కూడా చేయాలి. మొదటి ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ లాటిన్ నేర్పడానికి ఇదే పద్ధతి చెప్పాడు. ఆయన పుస్తకం 1570లో అచ్చయింది. లాటిన్ వాక్యాన్ని ఇంగ్లీషు చేయించాలి. కాసేపు ఆగి, మూలం చూడకుండా ఆ ఇంగ్లీషును మళ్లీ లాటిన్ చేయించాలి. తర్వాత మూలంతో పోల్చి చూపించాలి. ఇంగ్లీషువాళ్లు తమ భాష ఆసరాతో లాటిన్ నేర్చుకున్నప్పుడు మనం తెలుగు ఆసరాతో ఇంగ్లీషు నేర్చుకోవడంలో తక్కువతనం ఏమీ లేదు. అమ్మా, నీ క్లాసులో పిల్లల్ని ధైర్యంగా తెలుగులో మాట్లాడించు.

స్వర్ణముఖి | సోమవారం, రాత్రి 9:25

నిన్న రాత్రి తెలుగులో రాసి పుస్తకం మూసేశాను. నీవా సార్ చెప్పినట్టు మా రూమ్మేట్‌కి చెప్పాను, తను బోటనీ చదువుతోంది. "అయితే అతను చెడ్డవాడా?" అని అడిగింది. "కాదు, అలా ఎక్కడా లేదు" అని వెంటనే చెప్పగలిగాను. మొన్నయితే చెప్పలేకపోయేదాన్ని.

ఈ సాయంత్రం ఆ తెలుగు మాత్రమే చూసి ఇంగ్లీషులో రాసింది ఇది:

"ఉయ్ కెనాట్ ఎక్స్‌పెక్ట్, ఐదర్, దట్ ఎ మ్యాన్ హూమ్ పీపుల్ హావ్ ప్రెయిజ్డ్ ఫర్ యియర్స్ విల్ గ్లాడ్లీ లెట్ హిజ్ ఓన్ కాన్షెన్స్ జడ్జ్ హిమ్, ఫర్ ఇట్ రెఫ్యూజెస్ టు ప్రెయిజ్ హిమ్."

'నార్' కోసం 'ఐదర్', 'రెడిలీ' కోసం 'గ్లాడ్లీ' పెట్టాను. సరిపోయిందా మాస్టారూ?

శేషాచలం | సోమవారం, రాత్రి 9:50

చాలా బాగుందమ్మా. ఒక్క మాట చూడు. 'రెఫ్యూజెస్' అంటే నిరాకరిస్తోంది అని, అంటే ఎవరో అడిగారు, అది వద్దంది. మూలంలో మనస్సాక్షి ఏమీ అనలేదు, ఊరికే ఉంది. కపిలతీర్థంగారు చెప్పిన 'నామూలం' ఇక్కడే.

స్వర్ణముఖి | సోమవారం, రాత్రి 10:08

అవును సార్. "ఫర్ ఇట్ ఆఫర్స్ హిమ్ నో ప్రెయిజ్" అని మార్చాను. రేపు పొద్దున్నే మేడమ్‌కి ఇస్తాను. ఇంకో వాక్యం కూడా ఇచ్చారు, అందులో మూడు 'విచ్'లు ఉన్నాయి. క్రియ కింద గీత గీశాను, మొదటి 'విచ్' దేనికి చెందుతుందో చూస్తున్నాను. రాత్రికి తేలకపోతే రేపు ఇక్కడ పెడతాను.